ఓపెన్ సోర్స్ సమాజాల వీడియోలకు తగిన నెలవు

పంచిన కొలదీ పెరిగే ధనం విద్య ఒక్కటేనని పెద్దల మాట. ఆ మాటను కంప్యూటర్ రంగంలో ఆచరణకు తెచ్చినవారు ఓపెన్ సోర్స్ సమాజాలవారు. ఒక ప్రోగ్రామును రచించి, దాని మూలపాఠాన్ని దాచుకొనక, దీనిని ఎవరైనా చదువవచ్చును, మార్చుకొనవచ్చును, ఇతరులకు పంచవచ్చును అని లైసెన్సు రూపంలో వ్రాసి యిచ్చుట వీరి పద్ధతి. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రణాళికను ప్రకటించుటతో ఈ ఉద్యమానికి నాంది పలికినట్లయింది. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్‌ను వెలువరించాడు. 'ఓపెన్ సోర్స్' అనే పేరు 1998లో వాడుకలోనికి వచ్చింది. నేడు మన చేతిలోని ఆండ్రాయిడ్ ఫోను మొదలుకొని మహా సంస్థల సర్వర్ల వరకు లినక్స్ మీద నడిచేవే అధికం.

ఈ సమాజాల సభ్యులు ఒక ఊరివారు కారు, ఒక దేశంవారు కారు. ఏడాదికొకసారి ఎక్కడో ఒకచోట సమావేశమై ఉపన్యాసాలిస్తారు. కొత్తగా చేరేవారికి పాఠాలు చెబుతారు. ఆ సభలకు పోలేనివారికి వీడియోలే ఆధారం. ప్రోగ్రామును ఎక్కడ ఉంచవలెనో ఈ సమాజాలకు చిరకాలంగా తెలిసిన విషయమే. వీడియోలను ఎక్కడ ఉంచవలెనన్నది మాత్రం అంత సులభంగా తేలే ప్రశ్న కాదు. ఎందుకు కాదో, దానికి అనుభవం చెప్పిన సమాధానమేమిటో పరిశీలించుటే ఈ వ్యాసోద్దేశ్యం.

సమస్య స్వరూపం

మొదట కొంచెం లెక్క చూద్దాం. ఒక గంట ఉపన్యాసాన్ని స్పష్టమైన బొమ్మతో, సెకనుకు 2.5 మెగాబిట్ల చొప్పున భద్రపరచినామనుకొందాం. గంటకు 3,600 సెకన్లు గనుక మొత్తం 9,000 మెగాబిట్లు. 8 బిట్లు ఒక బైటు గనుక 1,125 మెగాబైట్లు. ఒక సమావేశంలో ఇటువంటి ఉపన్యాసాలు 40 ఉంటే 45 గిగాబైట్లు. ఇది పెద్ద భారమేమీ కాదు. జేబులో పట్టే పెన్ డ్రైవ్‌లో ఒదిగిపోతుంది.

కాని వాటిలో ఒక్క ఉపన్యాసాన్ని వేయిమంది పూర్తిగా చూస్తే, సర్వర్ నుండి బయటికి పోవలసిన సమాచారం 1,125 గిగాబైట్లు. నలభై ఉపన్యాసాలను దాచుటకు కావలసిన దానికి ఇది ఇరవై అయిదు రెట్లు. అనగా, వీడియోను దాచుటలో కంటె అందించుటలోనే వ్యయమెక్కువ. చూచేవారు పెరిగిన కొలదీ సంతోషంతో పాటు ఖర్చూ పెరుగుతుంది.

ఇక మూడవది, కనబడుట. ఎంత మంచి పాఠమైనా వెదికేవాని కంటబడకపోతే అడవి గాచిన వెన్నెలే. కాబట్టి 'వీడియో ఎక్కడ ఉంచాలి?' అనే ఒక్క ప్రశ్నలో మూడు ప్రశ్నలు ఇమిడి ఉన్నవి: ఎక్కడ దాచాలి? ఎక్కడి నుండి అందించాలి? ఎక్కడ నలుగురి కంటా పడాలి? ఈ మూడింటికీ ఒకే చోటు సమాధానం కావలెనన్న నియమం లేదు. ఈ సంగతిని గ్రహించకపోవుటే అనేక చిక్కులకు మూలం.

బ్లెండర్ నేర్పిన పాఠం

ఇందుకు మంచి ఉదాహరణ బ్లెండర్. త్రిమితీయ చిత్రాలను, యానిమేషన్‌ను రూపొందించే ప్రోగ్రాము ఇది. దీని యజమాని సంస్థ మూతపడినప్పుడు, 2002లో టన్ రోసెన్‌డాల్ నాయకత్వాన ప్రజల నుండి 1,00,000 యూరోలు చందాగా సేకరించి, మూలపాఠాన్ని కొని, లోకానికి విడుదల చేసినారు. ఆమ్‌స్టర్‌డామ్‌లోని బ్లెండర్ ఫౌండేషన్ నాటి నుండి దానిని పోషిస్తున్నది. ఆ ప్రోగ్రాముతో తీసిన 'ఎలిఫెంట్స్ డ్రీమ్' (2006), 'బిగ్ బక్ బన్నీ' (2008), 'సింటెల్' (2010) వంటి లఘుచిత్రాలను కూడా స్వేచ్ఛా లైసెన్సుతో పంచినారు.

ఈ 'సింటెల్' చిత్రమే 2014 ఏప్రిల్‌లో సోనీ పిక్చర్స్ పేరిట వచ్చిన హక్కుల దావా కారణంగా యూట్యూబ్‌లో ఆగిపోయింది. తమ కళాకారులు తీసి, తామే లోకానికి ధారపోసిన చిత్రం తమ పుటలోనే కనబడకపోవుట ఎంత విడ్డూరం! హక్కుదారులను గుర్తించేది మనిషి కాదు, యంత్రం. యంత్రానికి పోలిక తెలుస్తుంది గాని న్యాయం తెలియదు. చిత్రం తిరిగి వచ్చింది గాని హెచ్చరిక మిగిలింది.

అంతకు మించినది 2018 జూన్‌లో జరిగింది. యూట్యూబ్‌లోని బ్లెండర్ వీడియోలన్నీ ప్రపంచమంతటా ఒక్కసారిగా నిలిచిపోయినవి. ఫౌండేషన్ తన వీడియోలకు వాణిజ్య ప్రకటనలు జోడించుటకు ఇష్టపడలేదు. ప్రకటనలకు సంబంధించిన కొత్త ఒప్పందాన్ని అంగీకరించవలెనని యూట్యూబ్ కోరుటే వివాదానికి మూలమని ఫౌండేషన్ ప్రకటించింది. అవే రోజులలో అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యాసంస్థవారి ఉచిత పాఠాలు సైతం ఇదే విధంగా ఆగిపోయినవి. కొద్ది రోజులకు వీడియోలన్నీ తిరిగి వచ్చినవి. కాని ఆ కొద్ది రోజులు పరీక్షకు చదువుకొనే విద్యార్థికి ఎంతటి ఎడబాటో ఊహించవచ్చును.

ఇక్కడ బ్లెండర్‌వారు చేసిన పని గమనింపదగినది. వారు కోపగించి యూట్యూబ్‌ను విడిచిపెట్టలేదు. లొంగిపోయి ఊరుకొననూ లేదు. అదే నెలలో తమ సొంత పేరున, తమ సర్వర్ మీద, పీర్‌ట్యూబ్ అనే స్వేచ్ఛా ప్రోగ్రాముతో మరొక వీడియోశాలను తెరచినారు. అసలు ప్రతులు వారి వద్దనే ఉన్నవి గనుక ఇది వారికి సాధ్యమైంది. నేటికీ వారి వీడియోలు రెండు చోట్లా లభిస్తున్నవి.

మూతపడిన శాలలు

పెద్ద సంస్థ నీడన ఉంటే భయం లేదనుకొనుటకు చరిత్ర ఆస్కారమివ్వదు. గూగుల్ సంస్థ తన 'గూగుల్ వీడియో'లో కొత్త వీడియోలు స్వీకరించుట 2009లో మానివేసింది. 2011 ఏప్రిల్‌లో, ఆ నెలాఖరు నుండి ఉన్నవాటిని చూచే వీలు కూడా ఉండదని తెలిపింది. ప్రజలు గగ్గోలు పెట్టగా గడువు పొడిగించి, మిగిలినవాటిని యూట్యూబ్‌కు తరలించి, 2012లో తలుపులు మూసింది. స్వతంత్రంగా కార్యక్రమాలు తీసేవారికి ఆశ్రయమైన 'బ్లిప్' అనే వీడియోశాల చేతులు మారి, 2015 ఆగస్టులో కనుమరుగైంది. వీటిలో ఏదీ ద్వేషంతో జరిగినది కాదు. లాభనష్టాల లెక్కలో ఒక పద్దు కొట్టివేయబడింది, అంతే. మన శ్రమ ఇతరుల పద్దులలో ఒక పంక్తిగా ఉన్నంతకాలం ఈ ప్రమాదం తప్పదు.

తావులు - గుణదోషాలు

ఇప్పుడు అందుబాటులో ఉన్న తావులను ఒక్కొక్కటిగా తూచి చూద్దాం.

యూట్యూబ్: 2005లో పుట్టింది, మరుసటి ఏడే గూగుల్ దానిని కొన్నది. దీని మేలు కాదనరానిది. ఎక్కించుటకు రుసుము లేదు. అందించే వ్యయమంతా వారిదే. నెట్ బలహీనంగా ఉన్న పల్లెలోనైనా బొమ్మ స్పష్టతను తగ్గించి వీడియోను ఆగకుండా నడిపిస్తుంది. అన్నింటికంటె ముఖ్యంగా జనం ఉన్నది అక్కడే. సందేహం వచ్చిన విద్యార్థి మొదట వెదికేది అందులోనే.

దానమిచ్చిన ఆవుకు పళ్ళు పట్టి చూడరాదని సామెత. ఇక్కడ మాత్రం చూడక తప్పదు. 2020 నవంబరులో సవరించిన షరతుల ప్రకారం, ప్రకటనల ఆదాయంలో భాగస్వామి కానివాని వీడియోలకు కూడా యూట్యూబ్ ప్రకటనలు జోడించవచ్చును. చూచేవారు వీడియోను ఫైలుగా స్వేచ్ఛగా దించుకొనుటకు షరతులు అనుమతించవు. ఎక్కించిన ఫైలును ఆ సంస్థ తన అవసరానికి తగినట్లు తిరిగి సంకేతీకరించి చూపుతుంది. కాబట్టి అక్కడ ఉన్నది మన అసలు ప్రతి అనుకొనుట పొరపాటు. ప్రభుత్వాల నిషేధం వేరొక చిక్కు. చైనాలో 2009 నుండి యూట్యూబ్ అందదు. పాకిస్తాన్‌లో 2012 నుండి 2016 వరకు అందలేదు. ఆ దేశాలలోనూ ఓపెన్ సోర్స్ సభ్యులున్నారు గదా!

వికీమీడియా కామన్స్: వికీపీడియాకు బొమ్మల, వీడియోల భాండాగారమిది, 2004లో ఆరంభమైంది. లాభాపేక్ష లేదు, ప్రకటనలు లేవు. కాని నియమాలు గట్టివి. ఎవరైనా, వ్యాపారానికైనా సరే, వాడుకొనవచ్చునన్న లైసెన్సు ఉన్నవాటినే స్వీకరిస్తారు. 'వ్యాపారానికి వాడరాదు' అన్న షరతు ఉంటే తలుపు తెరవరు. పేటెంట్ల చిక్కు లేని వెబ్ఎం వంటి రూపాలలోనే వీడియో ఉండవలెను. ఎం.పి.4 రూపాన్ని అనుమతించవలెనా అని 2014లో సభ్యులు చర్చించి కూడదని తేల్చినారు. పైగా విద్యకు ఉపయోగపడేదై ఉండవలెను. పాఠాలకు ఇది మంచి చోటు. సంఘ కార్యదర్శి వీడ్కోలు సభకు కాదు.

ఇంటర్నెట్ ఆర్కైవ్: 1996లో బ్రూస్టర్ కాలే స్థాపించిన గ్రంథాలయమిది, కేంద్రం శాన్ ఫ్రాన్సిస్కో. పుస్తకాలు, ధ్వనులు, వీడియోలు, పాత వెబ్ పుటలు ఇందులో భద్రమవుతాయి. ఎక్కించిన అసలు ఫైలును అదే రూపంలో దించుకొనే వీలుండుట దీని విశేషం. కాని 2024 అక్టోబరులో దుండగుల దాడి వలన ఇదీ కొన్ని రోజులు మూగబోయింది. 3 కోట్లకు పైగా ఖాతాల వివరాలు అపహరణకు గురైనవి. దాచిన గ్రంథాలకు హాని కలుగకపోవుట అదృష్టం. గ్రంథాలయమైనా సరే, ఒక్కదానినే నమ్మరాదని ఈ సంఘటన చాటుతున్నది.

సొంత సర్వర్: ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు, సర్వర్ నడిపి చూడు అని కూడా చేర్చవచ్చును. పైన చెప్పిన పీర్‌ట్యూబ్ ఇందుకు పనికివచ్చే సాధనం. ఫ్రాన్స్‌లోని ఫ్రామాసాఫ్ట్ అనే సంఘం దీనికి ఆధారం. 2018లో ప్రజల నుండి 50,000 యూరోలకు పైగా చందాలు పోగుచేసి, ఆ అక్టోబరులో మొదటి పూర్తి రూపాన్ని విడుదల చేసినారు. దీనిలో రెండు చమత్కారాలున్నవి. మొదటిది, వేరు వేరు సంఘాల వీడియోశాలలు ఒకదానితో ఒకటి మాటాడుకొంటాయి. ఒక శాలలో ఉన్నవారు మరొక శాలలోని వీడియోను చూడవచ్చును, వ్యాఖ్యానించవచ్చును. రెండవది, ఒకే వీడియోను ఏకకాలంలో చూచేవారు తమకు చేరిన ముక్కలను పక్కవారికి అందిస్తారు. ఆ మేరకు సర్వర్ భారం తగ్గుతుంది. అయితే ఇట్లు పంచుకొనునప్పుడు ఒకరి నెట్ చిరునామా మరొకరికి తెలిసే అవకాశముంది. అందుచేత ఈ సదుపాయాన్ని ఆపివేసే వీలు కూడా కల్పించినారు.

సొంత సర్వర్‌కు నెలసరి అద్దె కట్టవలెను, భద్రతా సవరణలు వేయవలెను, దురుపయోగాన్ని కనిపెట్టి ఉండవలెను. ఉత్సాహవంతుడైన ఒక్క సభ్యుని మీద ఇదంతా మోపితే, అతనికి ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయిననాడు సర్వర్ అనాథ అవుతుంది. కనీసం ఇద్దరు ముగ్గురు బాధ్యత పంచుకొననిదే ఈ మార్గం తొక్కరాదు. జర్మనీలోని కేయాస్ కంప్యూటర్ క్లబ్బు, బెల్జియంలోని ఫాస్డెమ్ సమావేశం, డెబియన్ ప్రాజెక్టు తమ ఉపన్యాసాలను సొంత సర్వర్ల మీద ఏళ్ళ తరబడి భద్రపరచగలుగుట సమష్టి కృషి వలననే.

అసలు - నకలు

పై పరిశీలన వలన ఏ ఒక్క తావూ నిర్దోషం కాదని తేలింది. మరి నిర్ణయమెట్లు?

అసలు, నకలు, దస్తావేజు అనే మాటలు ఉర్దూ మార్గాన తెలుగులోనికి వచ్చి మన ఇంటి మాటలైనవి. పొలం గల రైతు అసలు దస్తావేజును ఇంట్లో పెట్టెలో భద్రపరుస్తాడు. కచేరీకి, బ్యాంకుకు నకలు తీసుకొనిపోతాడు. నకలు పోయినా పొలం పోదు. వీడియోల విషయంలోనూ అనుసరించదగినది ఈ రైతు బుద్ధియే. అసలు ప్రతి సమాజం అధీనంలో ఉండవలెను. నకళ్ళు జనమున్న ప్రతిచోటా ఉండవలెను. యూట్యూబ్ నకలుకు చక్కని చోటు. అసలుకు మాత్రం కాదు.

ఇట్లు ఆలోచించినప్పుడు 'యూట్యూబా, పీర్‌ట్యూబా?' అనే వాదం సగం సద్దుమణుగుతుంది. యూట్యూబ్ వాడుట సిద్ధాంత ద్రోహమని కొందరు, సొంత సర్వర్ చాదస్తమని మరికొందరు కలహించుట ఈ సమాజాలలో తరచు చూస్తాము. ఇద్దరూ ఒకే చోటును ఎన్నుకొనవలెనన్న ఊహతోనే వాదిస్తున్నారు. దాచుట ఒకచోట, కనబడుట వేరొకచోట కావచ్చునని అంగీకరిస్తే ఇద్దరి మాటకూ స్థానముంటుంది.

ఒక్క మెలకువ మాత్రం తప్పనిసరి. జనానికి ఇచ్చే చిరునామా సమాజం సొంత పేరుతో ఉండవలెను. పాఠ్యపుస్తకంలో, కరపత్రంలో, గోడ ప్రకటనలో యూట్యూబ్ లంకెను అచ్చువేస్తే, ఆ వీడియో పోయిననాడు కాగితం మీది అక్షరం అబద్ధమవుతుంది. సమాజం వెబ్‌సైట్‌లో ఒక పుటను ఏర్పరచి దాని చిరునామానే అచ్చువేస్తే, వీడియో ఎక్కడికి మారినా పుటలో ఒక్క పంక్తి దిద్దితే చాలును. బడి కొత్త భవనానికి మారినా పేరు మారనట్లే ఇదీ.

తెలుగు విద్యార్థికి దీనితో పని ఏమి?

ఇది ఎక్కడివారి సమస్యో అని మనం తోసివేయుటకు వీలులేదు. ఐ.ఐ.టి. బొంబాయిలో, కేంద్ర విద్యా మంత్రిత్వ శాఖ సహాయంతో ఆరంభమైన 'స్పోకెన్ ట్యుటోరియల్' పథకం లినక్స్, లిబ్రే ఆఫీస్, పైథాన్ వంటివాటిని చిన్న చిన్న వీడియో పాఠాలుగా బోధిస్తున్నది. ఒక్కొక్క పాఠం సుమారు పది నిమిషాలు. మొదట పాఠాన్ని కాగితం మీద వ్రాస్తారు. పిదప తెరను చూపుతూ చదువుతారు. ఆ వ్రాతనే భారతీయ భాషలలోనికి అనువదించి గొంతు జోడిస్తారు. ఆ భాషలలో తెలుగూ ఉన్నది. ఇంగ్లీషు మాట వేగంగా అందని విద్యార్థి తన భాషలో విని, పక్కనే తన కంప్యూటర్‌లో చేసి చూచుకొని నేర్చుకొంటాడు.

ఈ పథకంవారు తమ పాఠాలకు సొంత వెబ్‌సైట్‌నే నెలవు చేసినారు. పాఠాలు స్వేచ్ఛా లైసెన్సులో ఉన్నవి. ఇంటర్నెట్ లేని కళాశాల ప్రయోగశాలకు సైతం కావలసిన పాఠాలను ఒక సంపుటిగా దించుకొని తీసుకొనిపోయే ఏర్పాటు చేసినారు. ఇక్కడ తావు ఎంపిక కేవలం సాంకేతిక విషయం కాదని స్పష్టమవుతుంది. ఫైలును దించుకొనే హక్కు లేనిచోట ఉంచిన పాఠం, డేటాకు డబ్బులేని విద్యార్థికి మూసిన పుస్తకమే. ఒకసారి దించి పది కంప్యూటర్లకు పంచగలిగినదే అతనికి నిజంగా ఉచితం.

నిర్ణయించేముందు వేసుకొనవలసిన ప్రశ్నలు

ఏ సమాజమైనా, ఏ సంఘమైనా ఈ క్రింది ప్రశ్నలకు జవాబులు వ్రాసుకొని ముందడుగు వేయుట మేలు.

1. రేపు ఈ తావు మూతపడితే, ఏ వీడియోను ఎక్కడి నుండి తిరిగి తెచ్చుకొంటాము? అసలు ఫైళ్ళు రెండు వేరు వేరు చోట్ల ఉన్నవా?

2. ఖాతా తాళం ఎవరి చేతిలో ఉన్నది? వ్యక్తి పేరున ఉన్నదా, సమాజం పేరున ఉన్నదా?

3. వీడియో లైసెన్సు ఏది? అది వీడియోలోనూ, దాని వివరణలోనూ వ్రాసి ఉన్నదా? వెనుక వినిపించే సంగీతానికి కూడా అనుమతి ఉన్నదా?

4. వక్త పేరు, తేదీ, విషయం, ఉపశీర్షికలు వీడియోతోపాటు భద్రమైనవా? పేరులేని వీడియో, అట్ట ఊడిన పుస్తకం వంటిది.

5. తక్కువ డేటాతో చూచేవారికి చిన్న ఫైలు ఉన్నదా? సెకనుకు 0.8 మెగాబిట్ల చొప్పున సంకేతీకరిస్తే గంట పాఠం 360 మెగాబైట్లలో ఇముడుతుంది.

6. నడుపుటకు ప్రతి ఏటా అయ్యే ఖర్చు ఎంత? మూడేళ్ళ తరువాత దానిని ఎవరు భరిస్తారు?

ఈ ఆరింటికీ జవాబు దొరికిన పిదప, చిన్న సమాజానికి నా మనవి ఇది. అసలు ఫైళ్ళను సమాజం అధీనంలో రెండు డిస్కులలో, రెండు ఊళ్ళలో ఉంచవలెను. లైసెన్సు అనుమతిస్తే ఒక ప్రతిని ఇంటర్నెట్ ఆర్కైవ్‌కో వికీమీడియా కామన్స్‌కో ఇవ్వవలెను. జనం కొరకు యూట్యూబ్‌లో నకలు ఉంచవలెను. నలుగురికిచ్చే చిరునామా మాత్రం తమ వెబ్‌సైట్‌దే కావలెను. సొంత పీర్‌ట్యూబ్ సర్వర్‌కు చేతులు, చందాలు సమకూడిననాడు దానిని తెరువవచ్చును. అసలు తమ వద్దనే ఉన్నది గనుక తొందరపడవలసిన పని లేదు.

ముగింపు

మన కళాశాలల్లోనూ నేడు ఉపన్యాసాలు, ముషాయిరాలు, కవి సమ్మేళనాలు, ప్రయోగశాల పాఠాలు ఫోనులలో చిత్రితమవుతున్నవి. ఎవరో ఒక విద్యార్థి తన ఖాతాలో ఎక్కిస్తాడు. అతడు పట్టా పుచ్చుకొని వెళ్ళిన తరువాత ఆ ఖాతా ఏమైనదో ఎవరికీ తెలియదు. రిటైరయిన అధ్యాపకుని చివరి పాఠం, తిరిగి వినరాని ఒక కవి కంఠం అట్లే జారిపోతాయి. గ్రంథాలయంలో ప్రతి పుస్తకానికీ నమోదు సంఖ్య వేసే మనం వీడియోకు ఆ పాటి గౌరవమివ్వకపోవుట సబబు కాదు. గ్రంథాలయాధికారి పర్యవేక్షణలో ఒక నమోదు పుస్తకం, రెండు డిస్కులు, కళాశాల వెబ్‌సైట్‌లో ఒక పుట ఉంటే ఆరంభానికి చాలును. కమిటీ పెద్దలు ఈ విషయాన్ని ఆలోచింతురు గాక.

జ్ఞానాన్ని పంచుట ఎంత పుణ్యమో, పంచినదానిని నిలుపుకొనుట అంత బాధ్యత. బజారున నకళ్ళు ఎన్ని తిరిగినా మంచిదే. అసలు ప్రతి ఎక్కడున్నదో, దాని తాళం ఎవరి చేతిలో ఉన్నదో మనకు తెలిసి ఉండవలెను.